చొక్కా ఎత్తి చూడండి

చలిగాలి తగిలిందంటే చాలు, పిల్లల డాక్టర్ దగ్గర తల్లులు అడిగేది ఒక్కటే: "దగ్గు తగ్గట్లేదండీ, మంచి సిరప్ రాయండి." కానీ బిడ్డకు నెమ్ము చేసిందో లేదో దగ్గు మోతను బట్టి తెలియదు. ఊపిరిని చూస్తే తెలుస్తుంది.

బిడ్డ నిద్రలోనో, ఏడవకుండా ఒళ్లోనో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. అర నిమిషం లెక్కించి రెట్టింపు చేయొద్దు, పసివాళ్ల ఊపిరి ఒక్క తీరున సాగదు. రెండు నెలలు నిండని బిడ్డకు 60, ఏడాదిలోపు 50, అయిదేళ్లలోపు 40. అంతకు చేరినా, దాటినా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంటపడుతుంటే పెద్దవాళ్లు 'డొక్కలెగరేస్తున్నాడు' అంటారు. అప్పుడిక తెల్లారేదాకా ఆగకూడదు. పాలు తాగలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మామూలు జలుబు వైరస్‌తో వస్తుంది, దానంతటదే పోతుంది. దగ్గు రెండు వారాలు సాగినా సాగొచ్చు. యాంటీబయాటిక్ దాన్నేమీ చేయలేదు. తల్లిపాలు మాటిమాటికీ పట్టాలి, ముక్కు మూసుకుపోతే సెలైన్ చుక్కలు వేయాలి. ఏడాది దాటితే చెంచాడు తేనె ఇవ్వొచ్చు, అంతకు ముందు నాకించకూడదు. ఇక సాంబ్రాణి. అమ్మమ్మలు నొచ్చుకున్నా చెప్పక తప్పదు: స్నానం చేయించి పొగ పట్టడం పసి ఊపిరితిత్తులకు చేటు. కట్టెల పొయ్యి పొగా, నాన్న సిగరెట్ పొగా అంతే.

సిరప్ సంగతి మరీ బాధాకరం. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గుమందు తాగిన పసివాళ్లు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దనీ, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా అక్కర్లేదనీ కేంద్ర ఆరోగ్యశాఖ అప్పుడే హెచ్చరించింది. విషం కలవని సిరప్ అయినా ఈ వయసులో చేసే మేలు దాదాపు లేదు. అయినా చీటీ అడక్కుండా సీసా చేతిలో పెట్టే మందుల షాపులున్నాయి. ఆ అమ్మకాన్ని ప్రభుత్వాలు గట్టిగా ఆపాలి.

నెమ్మును రాకముందే కొంతవరకు అడ్డుకునే న్యూమోకాకల్ టీకాను ఆరు వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలల వయసులో ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. మీ బిడ్డ టీకా కార్డు ఈ రోజే తీసి చూడండి. ఒక్క డోసు తప్పినా ఆశా కార్యకర్తను అడిగి వేయించండి.