మోతాదు తెలిసినవారి ప్రమాదం

మా పెనుగొలను వంటి గ్రామాలలో కుమార్తెను నర్సు శిక్షణకు పంపే తల్లిదండ్రులు హాస్టలును గురించి, రాత్రి డ్యూటీలను గురించి, జీతాన్ని గురించి విచారిస్తారు. రేపు ఆమె చేతికి వచ్చే మందుల బీరువా తాళపుచెవిని గురించి మాత్రం ఎవరూ అడగరు.

నర్సులు మత్తుమందులకు లోబడతారా అని పాఠకులు ఆశ్చర్యపడవచ్చు. కొందరికి కోపమూ రావచ్చును. అధిక సంఖ్యాకులు లోబడరు. అయితే అమెరికాలో ట్రింకాఫ్, స్టోర్ అనే పరిశోధకులు 1998లో నాలుగు వేలమందికి పైగా నర్సుల సమాధానాలను పరిశీలించి, పనిచేసే విభాగాన్ని బట్టి ఈ అలవాట్లు మారుతున్నాయని చూపారు. అత్యవసర విభాగంలో గంజాయి, కొకైన్ వాడకం, కేన్సరు విభాగంలో అతి మద్యపానం హెచ్చుగా కనిపించాయి. నిత్యం మరణాన్ని చూచే మనస్సు ఏదో ఒక ఊరట వెదకుకొంటుంది కాబోలు.

కాని అలసట, దుఃఖం ఇతర వృత్తులలోనూ ఉన్నవే. నర్సును ప్రత్యేకించి మోసగించేది ఆమె విద్యయే అని నా అభిప్రాయం. ఒక్క సూదిమందు రోగి బాధను నిమిషాలలో అణచడం ఆమె ప్రతిదినం చూస్తుంది. మోతాదు తెలుసు, దుష్ఫలితమూ తెలుసు. కనుక తనకేమీ కాదనుకొంటుంది. నిద్రకు అల్ప్రజోలం, నడుము నొప్పికి పెంటజోసిన్: మొదట అంతా వైద్యమే. వైద్యురాలూ తానే, రోగీ తానే! శరీరం మందుకు అలవాటుపడి హెచ్చు మోతాదును కోరేనాటికి ఆ చదువు అక్కరకు రాదు. ప్రఖ్యాత శస్త్రవైద్యుడు హాల్‌స్టెడ్ 1884 ప్రాంతంలో కొకైన్‌ను తనపైనే పరీక్షించుకొని దానికి బానిస అయ్యాడు. మందు సంగతి ఆయనకు తెలియకనా?

ఇక సిగ్గు. సేవామూర్తి అని మనం పొగిడినకొద్దీ, తన బలహీనతను చెప్పుకొనే చోటు ఆమెకు కరవవుతుంది. ఉద్యోగం పోతుందని, పెండ్లి సంబంధం చెడుతుందని దాచుకొంటుంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమే, స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చిన వ్యసనపీడితులకు స్వల్ప పరిమాణపు కేసులలో విచారణ నుండి మినహాయింపు నిచ్చింది. చట్టానికున్నపాటి దయ ఆసుపత్రి యాజమాన్యాలకు ఉండరాదా? అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 1983లోనే ఇటువంటి నర్సులను చికిత్సకు పంపి, తిరిగి పనిలో నిలిపే పథకాన్ని ఆరంభించింది. మన శిక్షణాలయాలు కనీసం మొదటి సంవత్సరంలోనే ఈ విషయాన్ని దాపరికం లేక బోధించాలి. మనస్సు కలత చెందిన రాత్రి పిలువదగిన టెలిమానస్ సంఖ్య 14416ను మందుల బీరువా తలుపు మీదనే అంటించాలి.