పదునుకు రెండు హద్దులు

ఎన్నికలు దగ్గర పడితే చాలు, మన దినపత్రికల్లో పార్టీలన్నీ వ్యూహాలకు పదును పెట్టడం మొదలుపెడతాయి. ఆదివారం అనుబంధాల్లో పొడుపుకథల పక్కన ‘మెదడుకు పదును’ అన్న శీర్షిక తరాలుగా చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. పుస్తక సమీక్షల సంగతి చెప్పనక్కర్లేదు: వ్యంగ్యం పదునైనది, వాక్యం పదునైనది, ఒక్కోసారి కవి మౌనం కూడా పదునైనదే. ఈ వాడుకలన్నింటిలో పదును అంటే కోసే గుణం. అది ఎంత ఎక్కువుంటే అంత గొప్ప. దీన్ని తప్పు వాడుక అనలేం. అయితే కమ్మరి, రైతు, తోలుపని చేసేవారు ఈ మాటను వాడిన తీరు ముందు ఇది చాలా పేదగా కనిపిస్తుంది. వారి నోట పదును అంటే ఒక వస్తువు పనికి లొంగి, పనిలో నిలిచే స్థితికి రావడం. ఆ స్థితికి కింద ఒక హద్దు ఉంది, పైన ఒక హద్దు ఉంది. రాతభాష పై హద్దును మరిచిపోయింది. దాంతోపాటు మాటలోని సగం జ్ఞానాన్నీ పోగొట్టుకుంది.

కొలిమి దగ్గర మొదలుపెడదాం. మొద్దుబారిన కత్తిని సాన పట్టడం ఒక పని, పదును పెట్టడం మరో పని. సానరాయితో వీధులు తిరిగేవాడు అంచును అరగదీసి పలచన చేస్తాడు. ఆ అంచు ఎన్నాళ్లు నిలుస్తుందన్నది అతని చేతిలో లేదు. కమ్మరి పని లోపలిది. ఉక్కును ఎర్రగా కాల్చి అంచును నీళ్లలో ముంచితే అది గట్టిపడుతుంది. అలాగే వదిలేస్తే పెళుసెక్కి, గట్టి దెబ్బ తగిలితే పెచ్చు లేచిపోతుంది. అందుకే వెనక భాగంలో మిగిలిన వేడిని మెల్లగా అంచుదాకా పాకనిచ్చి, రుద్ది మెరిపించిన చోట రంగు మారడాన్ని కనిపెడతాడు. 230 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో లేత గడ్డిరంగు కనిపిస్తుంది, 300 దగ్గర నీలం తిరుగుతుంది. కోసే కత్తిని ఒక రంగు దగ్గర, సుత్తి దెబ్బలు తినే ఉలిని మరో రంగు దగ్గర ఆపి మళ్లీ ముంచుతాడు. గట్టిదనంలో కొంత వదులుకుంటే తప్ప ఇనుముకు ఓర్పు రాదు. గట్టిపరచడం, ఆ గట్టిదనాన్ని కొంచెం దించడం, ఈ రెండూ కలిస్తేనే పదును. పైగా అది అన్ని ఇనుములకూ పట్టదు. కార్బన్ పావు శాతం లోపున్న మెత్తని ఇనుమును ఎన్నిసార్లు కాల్చి ముంచినా పెద్దగా గట్టిపడదు. పల్లె కమ్మరులు లారీల పాత కమాన్ కట్టల కోసం వెతుక్కునేది ఇందుకే. వాటిలో కార్బన్ అర శాతం చుట్టూ ఉంటుంది.

పై హద్దు దాటితే ఏమవుతుందో కోనసముద్రం ఉక్కు కథ చెబుతుంది. నిజామాబాద్ ప్రాంతంలోని ఆ ఊళ్లో మూసల్లో కరిగించి తీసిన ఉక్కును పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవారు. దాని తయారీ గురించి హెన్రీ వోయ్సీ రాసిన వివరం 1832లో అచ్చయింది. యూరప్‌వారు ఊట్జ్ అని పిలిచిన ఈ జాతి ఉక్కును లండన్‌లో మైకేల్ ఫారడే 1819లోనే పరీక్షించాడు. కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉండే ఆ దిమ్మెలు అక్కడి కమ్మరుల సుత్తి కింద ముక్కలైపోయేవి. తమ ఇనుముకు అలవాటైన తెల్లని వేడిలో వారు కొట్టేవారు. ఈ ఉక్కు అంత వేడికి ఓర్చదు, ఎర్రగా ఉన్నప్పుడే సాగదీయాలి. దిమ్మె ఓడెక్కింది కానీ దాని పదును తెలిసిన చేయి వెంట వెళ్లలేదు.

ఇనుము నుంచి నేలకు వస్తే మాట మారదు, కొలమానం మారుతుంది. నాలుగు చినుకులకే విత్తితే మొలక మాడిపోతుంది. తడి ఆరకముందే నల్లరేగడిలో నాగలి దించితే మట్టి కర్రుకు అంటుకుని, ఎండాక గడ్డలు కడుతుంది. 60, 70 మిల్లీమీటర్ల వాన పడేదాకా పత్తి విత్తవద్దని వ్యవసాయ అధికారులు ఏటా జూన్‌లో చెప్పేది పదును గురించే. అయితే మిల్లీమీటర్లు ఆకాశం నుంచి పడిన నీటి లెక్క. పదును నేల పట్టుకున్న తేమ లెక్క. ఒకే వానకు చెల్క త్వరగా ఆరిపోతుంది, రేగడి రోజుల తరబడి అడుగు పెట్టనివ్వదు. రైతు పిడికెడు మట్టి తీసి నొక్కి చూస్తాడు. ముద్ద కట్టాలి, వేలితో తాకితే విడిపోవాలి. అదను, పదును అని ఈ మాటను జంటగా వాడతారు. అదను కార్తెలను బట్టి ముందే తెలుస్తుంది. పదును ఏ చేనికి ఆ చేను దగ్గర నిలబడి తెలుసుకోవలసిందే.

కత్తి పదును, నేల పదును అసలు ఒకే మాటా, లేక వేర్వేరు మాటలు కాలక్రమంలో ఒకేలా వినబడుతున్నాయా అని భాషావేత్త అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పక్క భాషలను చూస్తే జవాబు దొరుకుతుంది. పాలు హాలుగా, పులి హులిగా మారిన కన్నడంలో దీని తోబుట్టువు ‘హద’. అక్కడ దుక్కికి తగిన తేమా హదే, వంట సరిగ్గా కుదరడమూ హదే, తోలును హద చేయడమూ ఉంది. తమిళంలో ‘పదం’ అన్నది పాకానికీ నేలకూ తగిన స్థితి. తోలు విషయంలో ‘పదనిడుదల్’ అంటారు. మూడు భాషల్లో ఇవే అర్థాలు గుంపుగా కనిపిస్తుంటే, దాన్ని యాదృచ్ఛికం అనడం కష్టం. ఆ గుంపు నడుమ ఉన్నది తగిన స్థితి. కోసే గుణం అందులో ఒక కొమ్మ మాత్రమే.

తోలు దగ్గర ఈ మాట విలువ ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పచ్చితోలును అలాగే వదిలితే కుళ్లుతుంది, ఎండబెడితే చెక్కలా బిగుసుకుంటుంది. సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుక రాల్చి, తంగేడు చెక్క, కరక్కాయ రసాల్లో రోజుల తరబడి ఊరబెడితే కుళ్లకుండా, వంచినా విరగకుండా తయారవుతుంది. దీన్ని మన వృత్తి భాష పదును చేయడం అంది. పత్రికల్లో, ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఎక్కువగా కనిపించేది చర్మశుద్ధి. శుద్ధి అనగానే ముందున్నది అశుద్ధం అనే తీర్పు వచ్చి కూర్చుంటుంది. పదును అన్న మాటలో తీర్పు లేదు. పనికి తగినట్టు తయారైందన్న సమాచారమే ఉంది. ఇక్కడ ఇంకో అభ్యంతరం సహజంగానే వస్తుంది: మాటలను పొగిడి చేతులను మరిచిపోయే అలవాటు సాహిత్య పత్రికలకు కొత్తది కాదు కదా అని. నిజమే. లందల దగ్గర తరాలుగా ఈ పని చేసిన మాదిగలను ఊరు తన అవతలే ఉంచింది. వారు పదును చేసిన తోలు మాత్రం చెప్పులై, మోట బొక్కెనలై ఊరంతా తిరిగింది. ఆ మాట మంచిదైనంత మాత్రాన వారికి న్యాయం జరగలేదు. కానీ శుద్ధి అన్న మాట ఆ అన్యాయానికి సంస్కృతంలో ఇంకో ముద్ర వేసింది. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే స్వేచ్ఛ పత్రికలకు ఉన్నప్పుడు దేన్ని వాడుతున్నామన్నది చిన్న సంగతి కాదు.

శాస్త్రం చదివినవారు మరో మాట అంటారు. లోహశాస్త్రంలో గట్టిపరచడం వేరు, దాని పెళుసు తగ్గించడం వేరు. నేలలో తేమ శాతం వేరు, తోలు రసాయనం వేరు. ఒకే మాటతో ఇన్ని పనులు చేయిస్తే పాఠ్యపుస్తకం గందరగోళమవుతుంది. ప్రయోగశాల వరకు ఇది ఒప్పుకోవలసిందే. అక్కడ వేరు వేరు మాటలు కావాలి. అయితే వాటిని పదునును నెట్టేసి కల్పించనక్కర్లేదు, పదును పక్కన చేర్చవచ్చు. కొలిమి దగ్గర పెరిగిన విద్యార్థికి తనకు తెలిసిన మాట మీదుగా పాఠం చెబితే, ఈ రెండు దశలు వేరని అతనికి క్షణంలో అర్థమవుతుంది, కళ్లతో చూశాడు కనుక.

నిఘంటుకారుల బాధ్యత ఇక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ తరఫున భద్రిరాజు కృష్ణమూర్తి తెచ్చిన మాండలిక వృత్తి పదకోశాలు, 1962లో వ్యవసాయం, 1971లో చేనేత, మన భాషాశాస్త్రం చేసిన గొప్ప పనుల్లో ఉన్నాయి. వృత్తికొక సంపుటం చొప్పున నడిచిన ఆ పద్ధతికి ఒక పరిమితి ఉంది: వృత్తుల మధ్య తిరిగే మాట ముక్కలై వేర్వేరు సంపుటాల్లో పడుతుంది. ఆ ముక్కలను కలిపే పని ఇప్పుడు ఎవరైనా పూనుకుంటే, పదును అన్న ఆరోపం కింద తగిన స్థితి మొదటి అర్థంగా, కోసే గుణం దాని తర్వాత రావాలి. వ్యతిరేక పదాలు కూడా జంటలుగా ఇవ్వాలి: ఇనుముకు మెత్తన ఒకవైపు, పెళుసు ఒకవైపు, నేలకు బెట్ట ఒకవైపు, బురద ఒకవైపు. సమీక్షకులకు కూడా ఇది పనికొస్తుంది. మొద్దు కవిత అని మన సమీక్షకులు అప్పుడప్పుడైనా అంటారు. పెళుసు కవిత అన్నవారు అరుదు. అలాంటి కవితలకు మాత్రం కొరత లేదు.