పెట్టె ముందు కూర్చున్న మనిషి

మొన్న ఆదివారం మా యింట్లో ఒక చిన్న సభ జరిగింది. అధ్యక్షత మా అమ్మాయిది. ఇంటరు చదువుతున్న ఆ పిల్ల తన ఫోనులో ఒక ఇంగ్లీషు పాట పెట్టి, "నాన్నా, నాలుగు నిమిషాలు కదలకుండా వినాల" అని ఆజ్ఞాపించింది. ప్రొద్దుటూరు కాలేజీలో తెలుగు చెప్పుకు బ్రతికేవాణ్ణి, నాకు పద్యం తప్ప మరో సంగీతం రాదు. అయినా కూతురి ఆజ్ఞ మీరగల తండ్రి ఎవడు? విన్నాను.

పాట మొదలు కాగానే మనిషి గొంతు వినపడదు. ముందు ఆర్గన్ వస్తుంది. తొందర లేకుండా, మెట్లు దిగి వస్తున్న పెద్దమనిషిలాగా వస్తుంది. మా ఆవిడ వంటింట్లో నుంచి తొంగిచూసి, "ఎవరన్నా పోయినారా యేమి, అంత దిగులుగా వాయిస్తున్నారు?" అన్నది.

ఆ పాట పేరు 'ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్'. పాడినది ప్రోకోల్ హారమ్ అనే ఇంగ్లండు బృందం. 1967 మే నెలలో విడుదలై, అక్కడ ఆరు వారాలపాటు మొదటి స్థానం వదలలేదు. సాహిత్యం కీత్ రీడ్, బాణీ గ్యారీ బ్రూకర్ అని రికార్డు మీద అచ్చువేశారు. ఆర్గన్ వాయించినవాడు మాథ్యూ ఫిషర్, అప్పటికి ఇరవయ్యొక్క ఏళ్ళ కుర్రవాడు. జర్మనీ దేశపు పాతకాలం విద్వాంసుడు బాఖ్ పోకడలు వంటబట్టించుకొని, పాట మొదట్లో వచ్చే ఆ వరస కట్టినవాడు అతడే. జనం గొంతు కంటె ఆ వరసనే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. కాని బాణీ కట్టినవారిలో అతని పేరు లేదు.

38 ఏళ్ళు గడిచాక, 2005లో, ఫిషర్ కోర్టుకెక్కాడు. 2006లో జడ్జిగారు, ఈ సంగీతంలో ఇతనికీ కర్తృత్వం ఉన్నదని, సంగీతపు హక్కులో నూటికి 40 వంతులు ఇతనివేనని తీర్పు చెప్పారు. 2008లో పైకోర్టు, కర్తవు నీవే కాని ఇన్నాళ్ళూ ఊరకున్నావు గనుక డబ్బులో భాగం లేదన్నది. 2009 జూలైలో ప్రభువుల సభలోని న్యాయమూర్తులు ఏకగ్రీవంగా దాన్ని కొట్టివేశారు. ఆలస్యమైనంత మాత్రాన హక్కు చచ్చిపోదన్నారు. పాత డబ్బు రాలేదనుకోండి, దావా వేసిన నాటినుంచే లెక్క. కాని పేరు వచ్చింది.

అమ్మాయి ఈ కథంతా చెప్పి తన చదువుకు తాను వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఒక పాత కరపత్రం కళ్ళముందు కదలాడింది.

మన హార్మోనియం ఆ ఆర్గన్‌కు దాయాదే. ఫిషర్ వాయించిన హామండ్ ఆర్గన్‌లో గాలి లేదు. కరెంటు మోటారు తిప్పే ఇనుప చక్రాలు, అయస్కాంతాలు ఉంటాయి. మనది తిత్తిలోని గాలితో రీడ్లు పలికే పెట్టె. 1842లో పారిస్‌లో దెబేన్ అనే ఆయన హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు. మిషనరీలు ఇలాంటి పెట్టెలను మన దేశానికి తెచ్చారు. ఆ శతాబ్దం చివరికి కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ నేలమీద కూర్చుని చేత్తో తిత్తి ఊదుకొనే వాటం కల్పించాడు. నాటకాలవాళ్ళకు ఇంతకంటె ఏం కావాలి?

నాటకమంటే మా జిల్లాకు కొంచెం గర్వమే. 1885లో వనారస గోవిందరావుగారు 'కీచకవధ'తో సురభి నాటక సమాజానికి నాంది పలికిన సురభి గ్రామం మా కడప జిల్లాలోనే, పులివెందుల నియోజకవర్గపు చక్రాయపేట మండలంలో ఉన్నది. గమకం పలకదన్న నేరం మీద 1940 నుంచి 1971 దాకా రేడియోవారు హార్మోనియాన్ని గడప తొక్కనివ్వలేదు. ఆ ముప్పయ్యేళ్ళూ అది మా ఊళ్ళ నాటకాల్లో తెరపక్కన మహారాజులా కూర్చున్నది. నటుడికి శ్రుతి ఇచ్చేది అదే, రాగం తప్పితే దారిలో పెట్టేది అదే, పద్యం ఆఖరున ఊపిరందకపోతే మిగతా రాగం లాగేదీ అదే. 'వన్స్ మోర్' మాత్రం నటుడికి!

ఇక కరపత్రం సంగతి. పన్నెండేళ్ళ క్రిందట జమ్మలమడుగులో హరిశ్చంద్ర ఆడించాము. ఆహ్వానం రాసింది నేనే. హార్మోనిస్టు పులివెందుల పెద్దాయన. కాటిసీనులో హరిశ్చంద్రుడు పద్యం మధ్యలో రాగం మరచి నిలబడిపోతే, పెద్దాయన ఆ రాగాన్నే నిమిషంసేపు నడిపి, అతన్ని చెయ్యి పట్టుకొని తెచ్చినట్టు పల్లవికి కాక పద్యపాదానికి తెచ్చి దింపాడు. జనం చప్పట్లు కొట్టారు, నటుడికే. ఆట ముగిశాక పెద్దాయన కరపత్రం నా ముందు పెట్టి, "నా పేరు యాడుంది సామీ?" అన్నాడు. చందాదారుల పేర్లున్నాయి. షామియానావారి పేరున్నది. ఆయన పేరు లేదు. "స్థలం చాలలేదు పెద్దాయనా" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మరుసటి ఆదివారం బస్సెక్కి పులివెందులకు పోయాను. మనిషి చిక్కిపోయాడు, వేళ్ళు వణుకుతున్నాయి. నన్ను గుర్తుపట్టి, "ఏం సామీ, ఇన్నేండ్లకు గుర్తొచ్చినానా?" అన్నాడు. నేను ఫిషర్ కథ చెప్పాను. శ్రద్ధగా విని, "ముప్పై ఎనిమిదేండ్లు కడుపులో పెట్టుకున్నాడా పాపం!" అన్నాడు. పాట వినిపించాను. కళ్ళు మూసుకొని విన్నాడు. పెట్టె దగ్గరికి జరిగి రెండు మెట్లు నొక్కి చూచి, "ఒకటి శ్రుతి. మన శంకరాభరణం మెట్లే గదా! బాగ వాయించినాడు. మన ఆటకైతే నాలుగుకు పెంచాల" అన్నాడు.

అప్పుడు అడిగాను, క్షమించమని. "నువ్వు బస్సెక్కి వచ్చినావు గదా, ఇంకేంలే" అన్నాడు. ఈ పేజీలో పేరు వేస్తానంటే ఒప్పుకోలేదు. "పత్రికలో వద్దు సామీ. నాటకం కాగితంలో వెయ్యి, చాలు."

వచ్చే దసరాకు ప్రొద్దుటూరులో మళ్ళీ హరిశ్చంద్ర ఆడుతున్నాము. వాయించేది ఆయన శిష్యుడు. కరపత్రం ఈసారీ నేనే రాశాను. హరిశ్చంద్రుడి కంటె ముందు గురుశిష్యులిద్దరి పేర్లూ వేశాను. షామియానావారికి మాత్రం స్థలం చాలలేదు.