బనియన్ దిగమంది, సరే... కూలి ఎవరిస్తారు?

మే నెలలో నూజివీడు వచ్చి చూడండి. పొద్దున తొమ్మిదికే ఎండ వీపు మీదెక్కి కూర్చుంటుంది. ఆ ఎండలోనే మా బాబాయ్ చెట్టెక్కి, చిక్కం పట్టుకుని రసాలూ, బంగినపల్లీ కోస్తాడు. కిందటేడు కొమ్మ మీదే కళ్లు తిరిగాయి. పక్క కొమ్మ మీదున్నతను పట్టుకున్నాడు కాబట్టి బతికిపోయాడు.

అప్పట్నుంచి ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడిది ఒకటే పట్టు. "చిన్నతాతకి తెలివైన బనియన్ కుడతా అత్తా!"

బట్టలో కరెంటేమిటి అంటారా? మన బీరువాలోనే ఉంది. అసలైన జరీ అంటే పట్టుదారానికి చుట్టిన సన్నటి వెండి తీగే కదా! వెండిలో కరెంటు హాయిగా పారుతుంది. 1990ల చివర్లో అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మ్యాగీ ఆర్త్, రెమీ పోస్ట్ బట్ట మీద సర్క్యూట్లు చేసినప్పుడు వాడిన వాటిలో రాగిరేకు చుట్టిన పట్టు ఆర్గంజా ఒకటి. అది మన దేశంలో ఎప్పట్నుంచో నేస్తున్న రకమే. 2007లో లియా బ్యూక్లీ రూపొందించిన లిలీప్యాడ్ బోర్డు వచ్చాక, బొత్తాం కుట్టినంత తేలిగ్గా సర్క్యూట్‌ని చొక్కాకి కుట్టేయొచ్చు.

మావాడు వెండిపూత దారంతో అల్లిన పట్టీని ఛాతీ చుట్టూ పెట్టాడు. ఊపిరి పీలిస్తే పట్టీ సాగుతుంది. సాగితే దాని రెసిస్టెన్స్ మారుతుంది. బోర్డు దాన్ని లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఊపిరి మరీ వేగమైతే భుజం దగ్గర చిన్న మోటారు సెల్‌ఫోన్‌లా జుయ్యిమంటుంది.

గదిలో బ్రహ్మాండంగా పనిచేసింది. తోటలో పావుగంటకే పిచ్చెక్కింది. చెమటంటే ఉప్పునీళ్లు కదా, పక్కపక్కనున్న రెండు దారాల్నీ కలిపేసింది!

కుట్టుమిషను మీదే ముప్పై ఏళ్లు గడిపిన మా పిన్ని చూసి నవ్వింది. "ముందు దీన్ని ఉతకడం ఎలాగో చెప్పరా" అంది. దారాల్ని ఎడంగా జరిపి, రెండు పొరల మధ్య పెట్టి మడిచి కుట్టింది. బోర్డూ, బ్యాటరీ ఊడదీసేలా టిచ్ బటన్లు పెట్టింది. అవీ లోహమే కాబట్టి కరెంటు కూడా వాటి గుండానే వెళ్తుంది. బట్టలో తెలివి పెట్టినవాడు మావాడు. దాన్ని బట్టగా నిలబెట్టింది పిన్ని.

ఇది డాక్టరు కాదు. కళ్లు తిరిగితే ఆసుపత్రికి పోవాల్సిందే. కాస్త ముందే హెచ్చరిస్తుందేమోనని మా ఆశ, అంతే.

రెండోరోజు పదకొండింటికి బనియన్ జుయ్యిమంది. బాబాయ్ దిగి, నీడన కూర్చుని మజ్జిగ తాగాడు. తాగి అడిగాడు. "దిగమంది, దిగాను. బానే ఉంది. ఈ అరగంట కూలి ఎవరిస్తార్రా?"

మావాడి దగ్గర జవాబు లేదు. తోట గుత్తకి తీసుకున్నాయన్ని నేనే అడిగాను. "చూద్దాంలెండి" అన్నాడు.

పిన్ని రెండో బనియన్ కుడుతోంది. ఈ సీజన్ అయ్యేలోపు ఆ "చూద్దాం"ని "సరే" అనిపించే పని మాత్రం నాది.