ఆ ఇమామ్ మాట
2018 మార్చి. శ్రీరామనవమి వేళ చెలరేగిన అల్లర్లతో పశ్చిమ బెంగాల్‌లోని ఆసన్‌సోల్ రగులుతోంది. నూరానీ మసీదు ఇమామ్ ఇమ్దాదుల్ రషీదీ 16 ఏళ్ల కొడుకు శవమై దొరికాడు. అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసిన పిల్లాడు. అంత్యక్రియలకు వేలమంది వచ్చారు. ప్రతీకారమంటూ ఎవరైనా చెయ్యెత్తితే మసీదునూ ఊరినీ వదిలి వెళ్లిపోతానన్నారు ఆ తండ్రి. జనం ఆగారు. ఇలాంటి అల్లర్లను ఆపడానికి శాంతి కమిటీలు అవసరమే. కానీ మతపెద్ద అసలు పని కోపంతో ఊగుతున్న తనవాళ్లకు అడ్డంగా నిలబడటం. పోలీసుల మాట వినని కుర్రాళ్లు కూడా రోజూ తమతో ప్రార్థన చేయించే పెద్దమనిషి మాట వింటారు. మన ఊళ్లలోని అర్చకులు, పాస్టర్లు, ఇమాములు ఆ మాటేదో ఒక ప్రాణం పోకముందే చెప్పాలని చేతులు జోడించి అడుగుతున్నాను.