పైలట్ లైసెన్సు తర్వాత మరో 20 లక్షలు: కట్టే ముందు ఒక్క మాట



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్ అయిపోయాక ఒక తండ్రి క్లాసులోనే ఆగిపోయారు. దేవనకొండ పక్క పల్లె నుంచి వచ్చారు. పాప మార్కుల గురించి అడుగుతారనుకున్నాను. ఆయన సంచిలోంచి కొన్ని కాగితాలు తీసి, "మేడం, అంతా ఇంగ్లీషులో ఉంది. కొంచెం చదివి చెప్తారా? మా పెద్దోడి సంగతి" అన్నారు.

పెద్దబ్బాయి కమర్షియల్ పైలట్ లైసెన్సు తెచ్చుకుని ఏడాది దాటింది. ఉద్యోగం రాలేదు. ఇంకో 20 లక్షలు కట్టి ఎయిర్‌బస్ ఏ320 టైప్ రేటింగ్ చేస్తే వస్తుందని ఒక శిక్షణ సంస్థ వాళ్లు చెప్పారట. ఉన్న నాలుగెకరాల్లో రెండెకరాలు అమ్ముదామని ఆయన ఆలోచన.

2021 మార్చిలో ఓర్వకల్లులో విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి మన పిల్లలకు విమానం దగ్గరైంది. పెద్దయ్యాక ఏమవుతావని అడిగితే పైలట్ అని చేయెత్తేవాళ్లు క్లాసుకు ఇద్దరు ముగ్గురైనా ఉంటున్నారు. అందుకే ఈ సంగతి మీ అందరికీ చెప్పాలనిపించింది.

ముందు టైప్ రేటింగ్ అంటే ఏమిటో చూద్దాం. 200 గంటలు ఎగిరి, డీజీసీఏ పరీక్షలు పాసైతే లైసెన్సు వస్తుంది. ఆ 200 గంటలూ చిన్న శిక్షణ విమానాల మీదే. ప్రయాణికుల జెట్ నడపాలంటే ఆ రకం విమానానికి విడిగా శిక్షణ, సిమ్యులేటర్, పరీక్ష ఉంటాయి. అదే టైప్ రేటింగ్. ఏ320కి చేసిన రేటింగ్‌తో ఏ321 కూడా నడపవచ్చు, ఎందుకంటే అవి ఒకే కుటుంబం. కానీ బోయింగ్ 737 నడపడానికి అది పనికిరాదు. ఓర్వకల్లుకు ఇండిగో మొదట నడిపిన ఏటీఆర్‌కూ పనికిరాదు. లారీ లైసెన్సు ఉంటే ఏ కంపెనీ లారీ అయినా నడపవచ్చు. విమానం సంగతి అలా కాదు.

అంటే 20 లక్షలు పెట్టి మనం కొనేది ఒక్క రకం విమానం. ఆ విమానం నడిపే కంపెనీ, మన అబ్బాయి రేటింగ్ పూర్తయ్యే నాటికి కొత్త పైలట్లను తీసుకుంటుందా అన్నదే అసలు ప్రశ్న.

గతం చూడండి. బోయింగ్ 737లు నడిపిన జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. అంతకు నెల ముందే 737 మ్యాక్స్ విమానాలను మన దేశంలో నేలకు దించేశారు. మళ్లీ ఎగరడానికి 2021 ఆగస్టు దాకా అనుమతి రాలేదు. ఏ320లు నడిపిన గో ఫస్ట్ 2023 మే నెలలో ఆగిపోయింది. అలాంటప్పుడు వేల గంటల అనుభవమున్న పైలట్లు కూడా ఉద్యోగాల కోసం తిరుగుతారు. రేటింగ్ మాత్రమే ఉండి, ఆ విమానంలో ఒక్క ప్రయాణికుణ్ణీ తీసుకెళ్లని కుర్రాడు వాళ్ల వెనక నిలబడాలి. పైగా రేటింగ్ ఇంట్లో దాచుకునే సర్టిఫికెట్ కాదు. ఎప్పటికప్పుడు సిమ్యులేటర్ చెక్ చేయించుకోకపోతే అది నిలవదు. ఆ చెక్‌కూ డబ్బే.

రేటింగ్ ఉన్నవాళ్లనే పిలిచే ప్రకటనలు కూడా వస్తాయి, నిజమే. అప్పుడు అది చేతిలో ఉన్నవాడికి లాభమే. కానీ పోయినేడు టమోటాకు ధర పలికిందని ఈ ఏడు ఊరంతా టమోటా పెడితే పత్తికొండ మార్కెట్‌లో ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పు లెక్క కూడా చూడండి. బ్యాంకులు సాధారణంగా ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి ఆస్తి తాకట్టు అడుగుతాయి. 20 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి పదేళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 27 వేల కిస్తీ. లైసెన్సు కోసం చేసిన అప్పు దీనికి అదనం. మొదటి బోరు పడలేదని, పాయింటు చూపించకుండానే రెండో బోరు వేసి మునిగిన ఇళ్లు మన చుట్టూ ఉన్నాయి.

ఆ కాగితాల్లో నేను చదివింది ఇది. వాళ్లు నోటితో చెప్పిన మాట 'ఉద్యోగం'. కాగితంలో ఉన్న మాట 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్'. అంటే సాయం చేస్తామన్నారు, ఇప్పిస్తామనలేదు. కింద చిన్న అక్షరాల్లో 'నాన్ రిఫండబుల్' అని ఉంది. కట్టింది తిరిగి రాదు. అది చదివి వినిపించినప్పుడు ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

నా అభిప్రాయం ఒక్కటే. ఏ విమానం నడిపించబోతున్నారో ఎయిర్‌లైన్ స్వయంగా రాసిచ్చేదాకా సొంత డబ్బుతో టైప్ రేటింగ్ చేయించకండి. కొన్ని ఎయిర్‌లైన్ల క్యాడెట్ పథకాల్లో రేటింగ్ కూడా కలిసే ఉంటుంది. ఖర్చు ఎక్కువే, కానీ ఏ కంపెనీ, ఏ విమానం అన్నది ముందే తెలుస్తుంది. ఆ ఒప్పందంలో కూడా ఉద్యోగం గురించి ఏ మాట రాశారో, బాండు ఎన్నేళ్లో చదవాలి.

మీ పిల్లలు ఇంకా తొమ్మిది, పది చదువుతున్నారా? అయితే తక్కువ ఖర్చుతో అయ్యే పని ముందు చేయండి. డీజీసీఏ గుర్తించిన డాక్టరు దగ్గర మెడికల్ చేయించండి. రంగులు గుర్తించడంలో లోపముంటే లక్షలు కట్టకముందే తెలుస్తుంది. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలి. ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. దాని ప్రవేశ పరీక్ష గురించి ఇప్పటి నుంచే తెలుసుకోండి.

ఆ తండ్రి పొలం ఇంకా అమ్మలేదు. ఉద్యోగం మాట కాగితం మీద రాసివ్వమని ఆ సంస్థను అడిగారట. జవాబు కోసం చూస్తున్నారు.

మీ దగ్గర కూడా అలాంటి ఇంగ్లీషు కాగితాలుంటే, సంతకం పెట్టకముందే స్కూలుకు తీసుకురండి. సాయంత్రం బెల్లు కొట్టాక కూర్చుని చదువుదాం.