పచ్చనిదంతా వనమేనా?

భిలాయి ఉక్కునగరంలో, రెండవ సెక్టరులో, మా వీధి చివర ఒక చెట్టు ఉన్నది. హిందీ మిత్రులు దానిని ఆస్ట్రేలియా బబూల్ అంటారు. వంగదేశీయులు ముద్దుగా ‘సోనాఝురి’ అని పిలుస్తారు. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ చేరితే అదే ‘ఆకాశమణి’. వృక్షశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు అకేషియా ఆరిక్యులిఫార్మిస్. అనగా చెవి ఆకారపు తుమ్మ. మన నల్లతుమ్మకున్న ముళ్లు దీనికి లేవు. ఆకులని మనం భ్రమించేవి నిజానికి ఆకులు కావు, ఆకువలె వెడల్పైన కాడలు. అనువాదం నా వృత్తి కనుక పేర్లమీద నాకు మక్కువ ఎక్కువ. అయితే నా అభ్యంతరం ఈ పేర్లలో దేనిమీదా కాదు. ఈ ఒక్క చెట్టునే వరుసలు వరుసలుగా నాటి, ఆ వరుసలకు ‘వనం’ అని పేరు పెట్టడం మీద. అది తప్పుడు అనువాదం.

ప్రతిపక్షంవారి మాట ముందుగా వినడం న్యాయం. ఉత్తర ఆస్ట్రేలియా, పాపువా న్యూగినీ, ఇండోనేషియా ఈ చెట్టుకు పుట్టిళ్లు. వేళ్ల బుడిపెలలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని గ్రహిస్తుంది కనుక, గనులు తవ్విపోసిన మట్టిదిబ్బలమీద కూడ బతుకుతుంది. త్వరగా ఎదుగుతుంది. పశువులు దాని ఆకు ముట్టవు. వంటచెరకుకు, బొగ్గుకు, కాగితపు గుజ్జుకు, బల్లలకూ కుర్చీలకూ పనికివస్తుంది. ఇవన్నీ నిజాలే. కట్టెలకోసం క్రోసులు నడిచే స్త్రీకి ఊరిచెంతనే వంటచెరకు దొరికితే, వద్దనే సాహసం నాకు లేదు.

కాని ఈ ప్రశంసలోనే ఆక్షేపణ ఇమిడి ఉన్నది. పశువు ముట్టనిది నాటేవానికి లాభం, మేకలు కాచుకునేవానికి నష్టం. రాలిన ఆకు త్వరగా కుళ్లదు. మందంగా పేరుకొని ఇతర మొలకలను అణచివేస్తుంది. కాయ పగిలినప్పుడు నల్లని గింజలు నారింజవన్నె పోగులకు వేలాడతాయి. వాటిని పక్షులు దూరాలకు చేరుస్తాయి. ఆ విధంగానే అమెరికాలోని ఫ్లోరిడాలో ఎవరూ నాటని చోట్లకు చొరబడి, దురాక్రమణ మొక్కల జాబితాకెక్కినది. ఆకాశమణి అని గౌరవించిన బంగ్లాదేశమే 2025 మే నెలలో యూకలిప్టస్‌తోపాటు దీని మొక్కలను పెంచడం, నాటడం, అమ్మడం నిషేధించినది.

తెలుగువారికి ఈ పాఠం కొత్తది కాదు. 1870వ దశకంలో బెడ్డోమ్ అనే అటవీ అధికారి ప్రేరణతో జమైకానుంచి గింజలు తెప్పించి, కడప జిల్లా కమలాపురంలో మరొక విదేశపు చెట్టును నాటించినారు. అప్పుడూ ఉద్దేశం వంటచెరకే. శాస్త్రరీత్యా అది తుమ్మ కాదు. అయినా చెరువుగర్భాలను, బీళ్లను అది ఆక్రమించిన తీరు చూచి మన రైతు దానికి ‘సర్కారు తుమ్మ’ అని పేరు పెట్టినాడు. రెండు మాటలలో ఇంతటి తీర్పు ఏ విమర్శకుడు చెప్పగలడు? ఆ పేరు చెట్టునుగాక, నాటించినవారిని పట్టి చూపుతున్నది.

ఛత్తీస్‌గఢ్ కూడ తన పాఠం తాను నేర్చుకున్నది. 1970వ దశకంలో బస్తరులో సాలవనాలను తొలగించి, కాగితపు గుజ్జుకోసం కరేబియా పైన్ చెట్లు నాటాలని ప్రపంచ బ్యాంకు సాయంతో ఒక ప్రణాళిక వచ్చినది. ఆదివాసులు ప్రతిఘటించగా అది ఆగిపోయినది. వారు పచ్చదనానికి విరోధులా? సాలవృక్షం గింజ ఇస్తుంది, ఇప్ప పువ్విస్తుంది, తునికి ఆకిస్తుంది. మరి పైన్ వారికేమిస్తుంది? ఆస్ట్రేలియా తుమ్మనూ అదే ప్రశ్న అడగవలసి ఉన్నది.

“సాలవృక్షం ఎదిగేదాకా ఎవరాగుతారు?” అంటారు. ఉక్కునగరవాసులమైన మనకు వేగంమీద మోజు సహజమే. 1959లో ఇక్కడ మొదటి కొలిమి వెలిగిన నాటినుంచి టన్నుల లెక్కకు అలవాటు పడినాము. కొలిమి లెక్క అడవికి పనికిరాదు. 1950లో కె.ఎం. మున్షీ ప్రారంభించిన ఉత్సవానికి వనమహోత్సవమని పేరు పెట్టినారేగాని, వృక్షమహోత్సవమని పెట్టలేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షమని సామెత. ఆముదపు చెట్టుకు పట్టం కట్టడానికి మహావృక్షాలను మరచిపోవడం మాత్రం ఏ సామెతా సమర్థించదు.

ఈ చెట్టును సమూలంగా నరికివేయమని నా వాదం కాదు. వంటచెరకు తోట కావాలంటే ఆ పేరుతోనే పెంచండి; గింజ రాలకముందే కోయండి. నిర్జీవమైన దిబ్బమీద ముందుగా దీనిని నాటినా, పక్కన మద్దిని, ఇప్పను, వేపను పెంచి, అవి నిలదొక్కుకున్న తర్వాత దీనిని తప్పించండి. సహజవనం మిగిలిన చోటికి దీనిని రానివ్వకండి. నాటిన మొక్కల సంఖ్యనుగాక, పదేళ్ల తర్వాత అక్కడ ఎన్ని జాతులు బతికినవో, పక్క ఊరివారికి ఏమి దక్కినదో లెక్క చెప్పండి.

ఆ లెక్క వచ్చేవరకు మా వీధి చివరనున్న దానిని చెట్టనే అంటాను. దాని నీడలో నిలబడతాను కూడ. దాని వరుసలను మాత్రం వనమని అనువదించలేను.